చామంతి తప్పా?



కిందటి కార్తీకమాసంలో మా ఇంట్లో ఒక పువ్వు పేరు మీద తగవు వచ్చింది. పువ్వు మీద కాదు సుమండీ, పేరు మీదే! మా రెండో అమ్మాయి ఆరో తరగతి. తెలుగు పరీక్షలో “చామంతి” అని రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసి, పైన “చేమంతి” అని దిద్ది, అరమార్కు తగ్గించారు. పిల్ల ఇంటికొచ్చి మా అత్తగారి మీద ఎగిరింది. “అంతా నీ వల్లే మామ్మా! నువ్వు తప్పు పలకబట్టే నాకూ అదే వచ్చింది” అంది. ఆవిడ మారుమాట్లాడలేదు. మర్నాడు పూలమనిషి గుమ్మంలోకి వస్తే “ఆ పసుప్పచ్చ పూలు రెండు మూరలు ఇయ్యమ్మా” అని వేలు పెట్టి చూపించారు. డెబ్బయ్యేళ్లుగా నోట్లో ఆడుతున్న మాటను మింగేసుకున్నారన్నమాట. నా మనసు చివుక్కుమంది.

నా చదువు పదో తరగతితో ఆగింది. అయినా నిఘంటువు తిరగెయ్యడానికి డిగ్రీలు అక్కర్లేదు కదా! చూస్తే చేమంతీ ఉంది, చామంతీ ఉంది. రెండింటికీ పుట్టిల్లు సంస్కృతంలోని సేవంతిక. స కాస్తా చ అయింది, వ కాస్తా మ అయింది. కన్నడం వాళ్లు సేవంతిగె అంటారు, మరాఠీ వాళ్లు శేవంతి అంటారు. తమిళులు సెవ్వంది అనీ అంటారు, సామంది అనీ అంటారు. మనలాగే వాళ్లకూ రెండు రూపాలున్నాయి, చూశారా! తమాషా ఏమిటంటే, సంస్కృతంలో సేవంతి అంటే తెల్ల గులాబి. హిందీలో సేవతి అంటే ఇప్పటికీ అదే. దక్షిణాదికి వచ్చేసరికి ఆ పేరు ఈ పువ్వుకు స్థిరపడిపోయింది.

మరి “చే” ఎందుకు “చా” అయింది? దీనికి జవాబు మన వంటింట్లోనే ఉంది. బియ్యం చెరిగేది చేట అంటాం, చాట అనీ అంటాం. కూర వండుకునేది చేమదుంప, చామదుంప. నూతిలో నీళ్లు తోడుకునేది చేంతాడు, చాంతాడు. వీటిలో ఏది తప్పని కొట్టేస్తారు చెప్పండి? చామంతి కూడా ఆ వరసలోదే.

రాయడం సంగతి అలా ఉంచి, పలకడం దగ్గర ఇంకో చిక్కుంది. చేమంతిలో చ వేరు, చామంతిలో చ వేరు. చేప, చీర, చింతపండు అనేటప్పుడు నాలుక అంగిటికి పరుచుకుంటుంది. చాప, చారు, చుక్క, చోటు అనేటప్పుడు నాలుక కొన పళ్ల వెనక తగులుతుంది. మొదటిది తాలవ్యం, రెండోది దంత్యం. చిన్నయసూరిగారు 1858 నాటి బాలవ్యాకరణంలో ఈ తేడాకు సూత్రమే కట్టారు. పాత పుస్తకాల్లో దంత్య చకారం మీద చిన్న 2 అంకె లాంటి గుర్తు వేసేవారు. ఆ గుర్తు పోయింది, దాంతో పిల్లలకు శబ్దమూ పోతోంది. చార్మినార్‌లో చా ఎలా పలుకుతామో మనం తాగే చారునూ అలాగే పలుకుతున్నారు. మీ పిల్లల చేత ఆ రెండు మాటలూ పక్కపక్కన అనిపించి చూడండి.

మా అమ్మాయికీ అదే పరీక్ష పెట్టాను. పలకలేకపోయింది! మామ్మ మటుకు ఏ వ్యాకరణమూ చదవకుండానే ముత్యంలా పలికారు.

వాడుకలో చూస్తే ఈ పేరు చాలా చోట్లే తిరిగింది. తలలో పెట్టుకునే నగ చామంతిబిళ్ల అయింది. గట్ల మీద పెరిగే గడ్డిచామంతి అసలు చామంతే కాదు. దాని ఆకుతోనే మా చిన్నప్పుడు పలకలు తుడుచుకునేవాళ్లం. పొట్లాల్లో టీగా వచ్చే సీమచామంతి మరో మొక్క. పేరు కలిసింది కదా అని దండలకు కొన్న చామంతుల్ని మరగబెట్టి తాగేరు! వాటికి పురుగుమందులు కొడతారు.

ఇంగ్లీషులో దీన్ని క్రిసాంథిమమ్ అంటారు. గ్రీకుభాషలో బంగారు పువ్వని అర్థం. 1753లో లిన్నేయస్ ఖాయం చేసిన పేరది. 1961 తరవాత కొందరు శాస్త్రజ్ఞులు మన తోటల్లో పూసే చామంతిని ఆ పేరు కింద నుంచి తప్పించి డెండ్రాంథిమా అన్నారు. 1999లో మళ్లీ పాత పేరే ఇచ్చేశారు. అంతటివాళ్లే దిద్దుకున్నారు మరి!

రెండు వారాలపాటు సాయంత్రాలు మామ్మా మనవరాలూ గుమ్మంలో కూచుని చారు, చాప, చాట అనుకున్నారు. కిందటి శుక్రవారం పూలమనిషి బుట్ట దింపగానే అత్తగారు “చామంతులు మూర ఎంతే?” అని గట్టిగా అడిగి, బేరం కూడా ఆడారు. పరీక్ష కాగితం మీద ఎర్రగీత అలాగే ఉంది. దాని పక్కన మా అమ్మాయి పెన్సిలుతో “చేట, చాట” అని రాసుకుంది.