తెగిన వలలో ఒక ముక్క
(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగము: 1 దినవృత్తాంతములు 22:1-16

 

ప్రియ శ్రోతలారా, ఈ దినమున ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. మీరు ఎంతో ఆశపడి, ప్రార్థించి, ప్రయాసపడినా మీకు దొరకనిది మీ కళ్ళ ఎదుటే మరొకరికి దొరికితే మీరేమి చేస్తారు?

ముందుగా నా సంగతి ఒప్పుకుంటాను. సెమినరీ చదువు ముగించాక పై చదువులకు వెళ్ళాలని ఎంతో ఆశపడ్డాను. రెండుసార్లు దరఖాస్తు పెట్టాను, రాలేదు. "దేవుని చిత్తం" అని పైకి అన్నాను. చాలా ఏళ్ళ తర్వాత మా సంఘములోని ఒక యౌవనస్థుడు అదే చదువుకు వెళ్ళాలని నన్ను సిఫారసు ఉత్తరము అడిగాడు. "ఇస్తాను బాబూ" అన్నాను. మూడు వారాలు ఇవ్వలేదు. పనులు ఎక్కువగా ఉన్నాయని చెప్పాను. అది అబద్ధము. చివరికి అతడు మా గుమ్మంలో నిలబడి, "అయ్యగారూ, రేపే ఆఖరు తేదీ" అన్నప్పుడు నాకు సిగ్గేసింది. ఆ రాత్రే కూర్చొని రాశాను. కాని మొదటి రోజే ఎందుకు రాయలేకపోయాను?

ఈ ప్రశ్న నాలో ఉండగానే డాన్ స్టేలీ అనే సహోదరి జీవితమును గూర్చి చదివాను. ఆమె అమెరికా దేశస్థురాలు. 1970లో ఫిలడెల్ఫియా నగరములో పుట్టింది. ప్రభుత్వము పేదలకు కట్టించిన ఇండ్ల సముదాయములో, ఐదుగురు పిల్లలలో కడపటిదానిగా పెరిగింది. తల్లి ఎస్టెల్ ఇతరుల ఇండ్లు శుభ్రము చేస్తూ పిల్లలను పెంచింది. ఆ పేటలో మగపిల్లలతో పోటీపడి ఈ అమ్మాయి బాస్కెట్‌బాల్ నేర్చుకుంది. ఎత్తు ఐదడుగుల ఆరు అంగుళాలే. ఆ ఆటలో అది పొట్టితనము క్రిందే లెక్క!

వర్జీనియా విశ్వవిద్యాలయము జట్టులో ఆడిన రోజులలో ఆమెకు ఒక్కటే ఆశ, జాతీయ ఛాంపియన్‌షిప్. 1990, 1991, 1992, వరుసగా మూడేళ్ళు ఆమె జట్టు చివరి నాలుగు జట్లలో నిలిచింది. మూడేళ్ళూ ఓడిపోయింది. 1991 ఫైనల్లో నిర్ణీత సమయానికి స్కోరు సమమైతే అదనపు సమయములో ఆడించారు. టెన్నెస్సీ జట్టు 70-67తో గెలిచింది. ఆ పోటీలన్నిటిలో అత్యుత్తమ క్రీడాకారిణి బహుమానము ఓడిన జట్టులోని స్టేలీకే ఇచ్చారు! చేతిలో బహుమానము, కళ్ళలో నీళ్ళు. మరుసటి ఏడు సెమీఫైనల్లో ఒక్క పాయింటు తేడాతో, 66-65తో ఓటమి. అంతటితో ఆమె కళాశాల ఆట ముగిసింది.

తరువాత ఎన్నో ఘనతలు వచ్చాయి. 1996, 2000, 2004 ఒలింపిక్స్‌లో మూడు బంగారు పతకాలు. 2004లో ఏథెన్సులో తన దేశపు జెండా పట్టుకొని ముందు నడిచింది. అయినా కళాశాల ఛాంపియన్‌షిప్ మాత్రము క్రీడాకారిణిగా ఆమెకు దక్కనే లేదు.

కోచ్ కావాలని ఆమె అనుకోలేదు. 2000లో టెంపుల్ విశ్వవిద్యాలయమువారు అడిగితే మొదట ఇష్టపడలేదు. చివరికి ఒప్పుకుంది. కొన్నేళ్ళు ఒకవైపు తానే ఆడుతూ, మరోవైపు పిల్లలకు ఆట నేర్పింది. 2008లో సౌత్ కరొలైనా విశ్వవిద్యాలయానికి వెళ్ళింది. మొదటి ఏడు పది గెలుపులు, పద్దెనిమిది ఓటములు!

ఇప్పుడు అసలు సంగతి వినండి. అక్కడ ఛాంపియన్‌షిప్ గెలిచినవారు నిచ్చెన ఎక్కి, బుట్టకు వ్రేలాడే వలను కత్తిరించి ముక్కలు దాచుకుంటారు. ఆ కళాశాలల అగ్రశ్రేణి పోటీలలో ఛాంపియన్‌షిప్ గెలిచిన మొదటి నల్లజాతి మహిళా కోచ్ కరొలిన్ పెక్. ఆమె 1999లో పర్డ్యూ జట్టుతో గెలిచింది. 2015లో ఆమె తన వలలోని ఒక ముక్కను స్టేలీకి ఇచ్చింది. నీవు గెలిచిన రోజున ఇది నాకు తిరిగి ఇవ్వు అన్నది. స్టేలీ ఇంకా గెలవలేదు! గెలవకముందే ఇచ్చింది. దానినే విశ్వాసము అంటారు కదా!

2017 ఏప్రిల్‌లో స్టేలీ జట్టు మిసిసిపీ స్టేట్‌ను 67-55తో ఓడించి ఛాంపియన్ అయింది. తాను ఆడిన రోజులలో దొరకనిది పాతికేళ్ళ తరువాత తన పిల్లల చేతుల మీదుగా వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో ఆమె తల్లి ఎస్టెల్ కన్నుమూసింది. 2021లో స్టేలీ తన వలను ముక్కలు చేసి, ఆ శ్రేణిలో పనిచేస్తున్న నల్లజాతి మహిళా కోచ్‌లకు పంపించింది. వారెవరు? రేపు ఆమెతోనే పోటీపడి, ఆమెనే ఓడించగలవారు! 2022లోను, 2024లోను ఆమె జట్టు మరల గెలిచింది. 2024లో ఛాంపియన్‌షిప్‌తో ముగిసిన ఆ సీజన్‌లో ఆడిన 38 ఆటలలో ఒక్కటి కూడా ఓడలేదు.

ప్రియులారా, లేఖనములో ఇద్దరు రాజులను చూడండి. దావీదుకు పొగడ్త రాగానే సౌలు అతని మీద విషపు చూపు నిలిపాడు. ఆ చూపు సౌలు ఇంటినే కాల్చివేసింది. దావీదు సంగతి వేరు. మందిరము కట్టాలన్నది అతని ప్రాణము. దేవుడు, నీవు కాదు, నీ కుమారుడు కడతాడు అన్నాడు. దావీదు అలిగి కూర్చున్నాడా? లేదు. బంగారము, వెండి, ఇత్తడి, ఇనుము, దేవదారు మ్రానులు, రాళ్ళు సమకూర్చాడు. నమూనా కూడా సొలొమోను చేతికిచ్చాడు. తాను చూడబోని మందిరానికి రాళ్ళు ప్రోగుచేశాడు!

చదువుకోలేకపోయిన తల్లీ, కోడలు చదువుకుంటానంటే నీ నోట ఏమి వస్తున్నది? పెద్దరికము పోయిన సంఘపెద్దా, క్రొత్తగా వచ్చినవానికి లెక్కల పుస్తకము సంతోషంగా అప్పగించావా? గాయక బృందములో గొంతు తగ్గిన అక్కా, చిన్నదానికి ఆ పాట నేర్పుతున్నావా? మనకు దొరకనిది మనలను చేదుగా చేయవచ్చు, లేక మనలను కోచ్‌లుగా చేయవచ్చు. ఈ వారము ఒక్కరిని వెదకండి. మీ వలలో ఒక ముక్క వారి చేతిలో పెట్టండి. వారు గెలిచాక కాదు, గెలవకముందే.

ఆ యౌవనస్థుడు చదువు ముగించుకొని వచ్చాడు. మొన్న ఆదివారము మా సంఘములో వాక్యము చెప్పాడు. నాకంటే బాగా చెప్పాడు. నేను వెనుక బల్ల మీద కూర్చొని విన్నాను. ఇంటికి వెళ్తూ దేవునికి స్తోత్రము చెప్పాను, ఈసారి నిజంగానే.

ప్రార్థన చేసుకుందాము. దయగల తండ్రీ, మాకు దొరకనివాటిని బట్టి మాలో దాగియున్న అసూయను క్షమించుము. మా వెనుక వచ్చువారి కొరకు రాళ్ళు ప్రోగుచేయు మనస్సు మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.