కోత మిషన్ బ్రేకులో గాలి: కాలువలు కట్టినప్పుడే చూసుకుందాం
(సంఘం మండల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర, కౌలు కార్డుల గురించి మాట్లాడుకునే ఈ వేదిక మీద ఇవాళ ఒక చిన్న స్క్రూ గురించి చెబుతాను. దాంతో ప్రాణాలు ముడిపడి ఉన్నాయండి.

మన డెల్టాలో చేతులు మారి వచ్చిన పాత టైరు కోత మిషన్లు చాలా ఉన్నాయి. దాళ్వా కోతలయ్యాక చెట్టు కింద నిలబెడితే మళ్లీ సార్వా కోతలకే కదిలేది. పట్టిన బురద పట్టినట్టే ఉంటుంది. నరసాపురం, కాట్రేనికోన వైపు ఉప్పుగాలి కూడా తోడు. దాంతో బ్రేకు సిలిండర్ మీది బ్లీడర్ స్క్రూ, అదే మెకానిక్కులు నిపుల్ అనేది, తుప్పుపట్టి బిగుసుకుపోతుంది.

దాని పని లైనులో చేరిన గాలి తీయడం. నొక్కితే ఆయిల్ అణగదు, గాలి అణుగుతుంది. గాలి ఉంటే పెడల్ మెత్తగా దిగిపోతుంది, బ్రేకు అందదు. గాలి పైకే చేరుతుంది కాబట్టి స్క్రూను సిలిండర్ పైభాగాన పెట్టారు. అది ఊడనప్పుడు కొందరు పైపు నట్టు వదులుచేసి ‘గాలి పోయింది, తోలుకో’ అంటారు. పైన చిక్కిన గాలి అక్కడే ఉంటుంది. చాలా మిషన్లకు ఎడమ చక్రానికి, కుడి చక్రానికి బ్రేకు వేరు. ఒక పక్కే పడితే మిషన్ ఆ పక్కకు లాగేస్తుంది. మన దారులు కాలువ గట్లు. పక్కన ఏముందో మీకు చెప్పక్కర్లేదు. పోయేది డ్రైవరు ప్రాణం, బతికితే కేసూ ఆయన మీదే.

మరి ఏం చేయాలి? ముందు చక్రాలకు అడ్డు పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మకండి, కింద దిమ్మలు వేయండి. స్క్రూ చుట్టూ వైరు బ్రష్షుతో శుభ్రం చేసి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే మళ్లీ కొట్టండి. స్క్రూ తల మీద చిన్న సుత్తితో మెల్లగా తట్టండి. మామూలు పానా పెడితే మూలలు అరిగిపోతాయి, ఆరు పలకల బాక్సు పానాయే వాడండి. ముందు కొంచెం బిగించే వైపు, తర్వాత వదిలే వైపు, అటూ ఇటూ ఆడించండి. స్క్రూ లోపల బోలు, బలం చేస్తే పుటుక్కున విరుగుతుంది. ఆ రంధ్రంలో సరిపడే డ్రిల్లు బిట్టు నున్నటి చివర దూర్చి తిప్పితే నలగదు.

మంట పెట్టాల్సి వస్తే సిలిండర్ ఊడదీసి, ఆయిలూ రబ్బర్లూ తీసేశాకే. బ్రేక్ ఆయిల్ అంటుకుంటుంది, పక్కన ఎండుగడ్డీ ఉంటుంది. స్క్రూ విరిగితే సిలిండరే కొత్తది వేయండి. దాని ఖరీదు ప్రాణం కంటే ఎక్కువ కాదు.

కొత్త స్క్రూ మరల మీద మాత్రమే కాస్త గ్రీజు రాయండి, మొనకు వద్దు. పైన రబ్బరు టోపీ పెట్టండి. ఏటా ఒకసారి విప్పి పాత ఆయిల్ మార్చండి. డాట్ 3 ఆయిల్ తేమ పీల్చుకుంటుంది. కొత్తదానికి మరిగే వేడి కనీసం 205 డిగ్రీలు ఉండాలి, తేమ పట్టినదానికి ప్రమాణం 140 డిగ్రీలే. మిషన్ మీద ఏ ఆయిల్ రాసి ఉంటే అదే పోయండి.

ఇదంతా కోతల్లో కుదరదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను కోతల మీదే వచ్చి పడింది. అలాంటి రోజున ‘ముందు చేను కొయ్యి, బ్రేకు తర్వాత చూద్దాం’ అనని రైతు ఎవరు? అందుకే వేసవిలో కాలువలు కట్టిన రోజుల్లోనే ఈ పని పూర్తి కావాలి.

సంఘం ముందు మూడు మాటలు పెడుతున్నాను. ప్రతి గ్రామ శాఖ దగ్గరా ఒక పనిముట్ల పెట్టె ఉండాలి. బ్రేకు లేని మిషన్ తోలనన్న డ్రైవరుకు బత్తెం కోత పెట్టకూడదు, ఆయన వెనుక మనం నిలబడాలి. యంత్రాలకు రాయితీ ఇచ్చే ప్రభుత్వం మన కుర్రాళ్లకు మరమ్మతు కూడా నేర్పించాలని తీర్మానం చేద్దాం.