పాతది తుడుచుటకు ముందు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)



గ్రంథాలయములందును, పాఠశాలలందును మూలపడియున్న చిన్న ల్యాప్‌టాపులను గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిమి. వీనిలో పెక్కింటికి 2 జీబీ మెమొరీ, 32 జీబీ నిల్వచోటు మాత్రమే కలవు. విండోస్ 11కు కనీసము 4 జీబీ మెమొరీ, 64 జీబీ చోటు వలయును. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. ఇట్టి యంత్రములను లినక్సు మరల పనిలో పెట్టగలదు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన ఈ వ్యవస్థ ఉచితముగా లభించును. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో ఇది ఏండ్ల తరబడి వాడుకలో నున్నది.

అయితే తొందరపడి పాతదానిని తుడిచివేయరాదు. తుడిచిన పిదప తెర వెలుగును, అక్షరములు కనబడును. కాని వ్రేలితో తాకిన పలుకకపోవచ్చును. కారణమేమి?

చౌక యంత్రములలో పెక్కింట సైలీడ్ అను సంస్థ చేసిన టచ్ చిప్పు ఉండును. ఈ చిప్పు తన పాఠమును తానై గుర్తుంచుకొనలేదు. విద్యుత్తు ఆగినంతనే మరచును. యంత్రము మేల్కొనిన ప్రతిసారియు ఫర్మ్‌వేర్ అను ఆ పాఠమును దానికి మరల అందింపవలెను. ఆ పాఠము విండోస్ డ్రైవరుతోపాటు యంత్రములోనే యున్నది. లినక్సులో ఈ చిప్పునకు డ్రైవరు కలదు గాని, ప్రతి నమూనాకును తగిన పాఠము అందులో లేదు. చిప్పు ఒకటియే యైనను అద్దపు కొలతలు వేరగుటచే, ఒకదాని పాఠము వేరొకదానికి పెట్టినచో ఎడమవైపు తాకిన కుడివైపు పలుకవచ్చును.

పాత కచేరి పడగొట్టుటకు ముందు దస్తావేజులను వెలికి తీయుదుము గదా! ఇదియు అట్టిదే. చేయవలసినది నాలుగు పనులు.

మొదటిది: సి డ్రైవులో విండోస్, దానిలో సిస్టమ్ 32 అను ఫోల్డరులను తెరచి, అందలి డ్రైవర్స్, డ్రైవర్‌స్టోర్ అను రెంటిని పెన్‌డ్రైవునకు కాపీ చేయవలెను. విండోస్ డ్రైవరు లినక్సులో యథాతథముగా నడువదు. దానియందలి ఫర్మ్‌వేర్ మనకు ముఖ్యము.

రెండవది: యంత్రము వెనుకనున్న నమూనా సంఖ్యను, డివైస్ మేనేజరులో టచ్‌స్క్రీన్‌కు గల హార్డ్‌వేర్ ఐడీని కాగితముపై వ్రాసికొనవలెను.

మూడవది: యంత్రములోని పత్రములను, ఫొటోలను వేరొకచోట భద్రపరచవలెను.

నాలుగవది: లినక్సును ముందుగా పెన్‌డ్రైవునుండియే నడిపి, వైఫై, ధ్వని, కీబోర్డు సరిగా నున్నవో లేదో చూడవలెను. అప్పటికి యంత్రములోని పాత వ్యవస్థ చెక్కుచెదరదు.

లినక్సు ఎక్కించిన పిదప, దాచిన ఫైళ్లనుండి ఫర్మ్‌వేర్‌ను తీసి దాని స్థానమున ఉంచుట పని తెలిసినవారు చేయవలసినది. ఆ ఫైళ్లే లేనిచో ఎంతటి నిపుణుడైనను చేయగలది స్వల్పము.

ఇంకొక మాట. పంచాయతీ చెల్లింపులకై డిజిటల్ సంతకపు టోకెను వాడు యంత్రమును, ఆ టోకెను లినక్సులో పనిచేయునని రూఢి యగువరకు, మార్చవలదు.

పెన్‌డ్రైవుపై యంత్రపు నమూనా సంఖ్యను అంటించి, స్టాకు రిజిస్టరులో నమోదు చేయించి, బీరువాలో ఉంచుడు. గ్రామపు సొమ్ముతో కొనిన వస్తువును మరికొన్ని ఏండ్లు పిల్లలకు ఉపయోగపడునట్లు చేయుట మన బాధ్యతయని మనవి చేయుచున్నాము.