బండిమీద నిలుచు అక్షరము

హైదరాబాదు నగరమునకు పడమట నున్న రాయదుర్గమునకు 2019 నవంబరు 29వ తేదీన మెట్రోరైలు వచ్చి చేరినది. ఆ స్టేషను మెట్లు దిగి నిలుచున్నచో నలుదిక్కుల అక్షరములే కానవచ్చును. అద్దాల మేడలపై సంస్థల నామములు, బడిబస్సులపై పాఠశాలల పేర్లు, టిఫినుబండ్లపై ఫోను నంబర్లు. ఒకప్పు డివి కుంచెతో వ్రాసినవి. నేడు పెక్కులు వినైలు పొరపై అచ్చువేసి అతికించినవి. క్షరము కానిది అక్షరమని పిల్లలకు చెప్పుచు జీవించినవాడను గనుక, ఈ యక్షరములు కొన్ని యేడాదికే రాలిపోవుటకు కారణ మేమియో ఈ పనివారి నడిగి తెలిసికొంటిని.

వినైలు పొరలు ముఖ్యముగా రెండు విధములు. మొదటిది క్యాలెండర్డు పొర. పి.వి.సి. ముద్దను కాగిన రోలర్ల నడుమ నప్పడమువలె నొత్తి, సాగదీసి, చుట్టుదురు. దళసరి సుమారు 75 మొదలు 100 మైక్రానులు. రెండవది క్యాస్టు పొర. కాగిన కుండపై పలుచని పూత పూసి పూతరేకు తీయునట్లు, ద్రవమును పఱచి, వేడిచే నారనిచ్చి, ఊడదీయుదురు. దళసరి సుమారు 50 మైక్రానులు.

తర్కశాస్త్రమున సంస్కారము మూడు విధములు: వేగము, భావన, స్థితిస్థాపకము. విప్పి పఱచిన చాప మరల చుట్టుకొనుట మూడవదానిచేతనే. క్యాలెండర్డు పొరయందు నీ గుణము దాగియుండును. వేసవిలో బండిరేకు కాగినపు డది పూర్వస్థితిని తలంచి ముడుచుకొనును. అంచులు లేచును, జిగురునకు దుమ్ము పట్టును. క్యాస్టు పొర సాగదీయబడక పుట్టినది. కావున వంపులపైనను రివెట్లపైనను ఒదిగి నిలుచును.

కొనువారు వెల నడుగుటకు ముందు రెండు ప్రశ్నలు వేసికొనవలెను: అతికించు తల మెట్టిది? అక్షర మెంతకాలము నిలువవలెను? చదును పలకపై నాలుగునెలల ప్రకటనకు మోనోమెరిక్ క్యాలెండర్డు చాలును. అంతకు మించి వెచ్చించుట వృథా. దుకాణపు పలక ఐదేండ్లు నిలువవలెనన్న పాలిమెరిక్ రకము కావలెను. వంపులుగల వ్యానును కప్పుటకు క్యాస్టు పొరయే తగును. బానెట్టుపై, పైకప్పుపై ఎండ తిన్నగా పడును గనుక ఏ పొరకైనను అచట ఆయువు తక్కువ.

పైన వేయు లామినేషనును క్రింది పొర జాతిదే కావలెను. క్యాస్టుపై క్యాలెండర్డు వేసినచో మీదిది ముడుచుకొనుచు క్రిందిదానిని లాగును. సాల్వెంటు సిరాతో అచ్చువేసిన పొరను ఒక దినమైన నారనీయక లామినేషను చేయరాదు; ఆరని సాల్వెంటు జిగురును చెఱచును.

మనవారు స్టిక్కర్ల నన్నింటిని ‘రేడియ’ మందురు. వానిలో రేడియము లేదు. దీపపు వెలుగును వచ్చిన దిక్కునకే త్రిప్పిపంపు పొర వేఱు. దానిలో సన్నని గాజుపూసలో పట్టకములో ఉండును. సామాన్యపు వినైలు ఆ పని చేయజాలదు. చీకటిలో రోడ్డుప్రక్క నిలిచిన లారీ వెనుక ఈ భేదము ప్రాణములకు సంబంధించినది.

టిఫినుబండి నడుపుకొను గృహస్థునకు ఫోను నంబరులో ఒక్క అంకె యూడినను బేరము పోవును. కావున బిల్లుపై ‘వినైలు’ అను నొక్కమాటతో తృప్తిపడక, పొర ఏ జాతిదో, లామినేషను ఏ జాతిదో, హామీ యెన్ని యేండ్లో వ్రాయించుకొనుడని నా మనవి.