చందా లేని టెలివిజన్

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి తరగతులలో మంచినీరు, వీధిదీపములు, ఇంటిపన్ను మొదలగునవియే ప్రసంగ విషయములగుట వాడుక. నిన్న భోజనానంతరము ఒక సభ్యురాలు వేరొక ప్రశ్న వేసినారు. "కేబులువారికి నెలనెల మున్నూరు రూపాయలు పోయుచున్నవి. ఇంట టెలివిజన్ మానుదమనిన ఎవరును ఒప్పుకొనరు. చందా కట్టుదమనిన చేతిలో డబ్బు ఆడదు. దీనికి దారి యేమి?" అని వారడిగినారు. కూర్చున్న చోటనే ఒకటి రెండు మాటలు చెప్పితిమి గాని, అవి చాలవని తోచినది. గ్రామములో ఇట్టి సంగతులకు జనులు మిమ్మునే అడుగుదురు. కావున నేడు దానినే విషయముగా గైకొంటిమి.

ముందుగా లెక్క చూతము. నెలకు 300 రూపాయలనగా ఏడాదికి 3,600 రూపాయలు; అయిదేండ్లకు 18,000. కూలినాలి చేసికొని బ్రతుకు ఇంట ఇది చిన్న సొమ్ము కాదు.

చందా లేని టెలివిజన్ అనగానే పెద్దలకు ఇంటికప్పుపై గడకు కట్టిన ఏంటెన్నా జ్ఞప్తికి వచ్చును. దానిని మరల ఎక్కించి ప్రయోజనము లేదు. నేలపైని టవర్లనుండి దూరదర్శన్ చేయుచుండిన ఆ పాతపద్ధతి ప్రసారములు 2022 నాటికి దేశమంతట దాదాపుగా నిలిపివేయబడినవి. ఇంకను ఆ గడ ఉన్నవారు దానిని బట్టలారవేసికొనుటకు వాడుకొనవచ్చును.

ఇక ఆకాశమునుండి నేరుగా గ్రామమునకు బొమ్మను దింపుట మనకు క్రొత్తగాదు. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు, అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహము ద్వారా జరిగిన 'సైట్' ప్రయోగములో, ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములలో టెలివిజన్ పెట్టెలుంచిరి. వానిలో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. కార్యక్రమములు తెలుగులోను ప్రసారమైనవి. ఊరికొక పెట్టె, పది అడుగుల ఇనుపవల గొడుగు, చుట్టును ఊరి జనము. నేడా గొడుగు రెండడుగుల పళ్ళెమై ఇంటి పిట్టగోడ మీదికి వచ్చినది.

దాని పేరు డీడీ ఫ్రీ డిష్. ప్రసారభారతి ఆధ్వర్యమున 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అను పేర 33 ఛానెళ్ళతో ఆరంభమైనది. నేడు దేశములో నాలుగు కోట్లకు పైబడిన గృహములలో కలదని అంచనా. దీనికి నెలచందా లేదు, రీచార్జి లేదు. ఎవరైన ఏడాదికింతయని అడిగినయెడల ఇవ్వనక్కరలేదు. పళ్ళెము, దాని కొసనుండు ఎల్‌ఎన్‌బీ, తీగ, సెట్ టాప్ బాక్సు, బిగింపు కూలి అన్నియు కలిసి ఒకేసారి సుమారు 2,000 రూపాయలగును. కొన్ని చోట్ల అంతకు తక్కువ. 300 రూపాయల చందా కట్టువారికి ఏడు నెలలలో ఈ పెట్టుబడి తిరిగివచ్చును. బాక్సు కొనునపుడు ఎంపెగ్-4 రకమును అడిగి కొనవలెను. పాత ఎంపెగ్-2 బాక్సులు చౌకగా దొరకునుగాని, వానిలో కొన్ని ఛానెళ్ళు రావు. కొన్ని క్రొత్త టెలివిజన్లలో ఉపగ్రహ ట్యూనరు లోపలనే యుండును. అట్టివారికి కొన్ని ఛానెళ్ళకు బాక్సే అక్కరలేదు.

బిగించుటలో ఒక సంగతి ముఖ్యము. ఈ ప్రసారములు జీశాట్-15 ఉపగ్రహమునుండి వచ్చును. అది భూమధ్యరేఖకు పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశమునొద్ద నిలిచినట్లుండును. మన ప్రాంతమున పళ్ళెము ఆగ్నేయదిశను చూడవలెను. శ్రీకాకుళము వైపు పోవుకొలది కొంచెము దక్షిణమునకు తిరుగును. మేము మా ఇంట మొదటిసారి బిగించినప్పుడు ఇంటినానుకొని ఆగ్నేయమూలనున్న కొబ్బరిచెట్టును లెక్కచేయలేదు. వేసవిలో బొమ్మ చక్కగా వచ్చినది. ఆషాఢపు గాలి వీచగానే మట్ట అడ్డువచ్చినపుడెల్ల బొమ్మ ముక్కలు ముక్కలైనది. తుదకు పళ్ళెమును మేడకు రెండవ కొసకు మార్చితిమి. రెండుమారుల కూలి దండుగ.

ఇంతవరకు విని, "అయినచో అందరును కేబులు తీసివేయవలసినదేనా?" అని మీరడుగవచ్చును. ఇక్కడనే తొందరపడరాదు. ఫ్రీ డిష్‌లో డీడీ సప్తగిరి, డీడీ యాదగిరి వచ్చును. రైతులకై 2015లో ఆరంభమైన డీడీ కిసాన్, పిల్లల చదువునకు పీఎం ఈ-విద్య, స్వయంప్రభ ఛానెళ్ళు, ఆకాశవాణి కేంద్రములును గలవు. ప్రైవేటు ఛానెళ్ళు ఇందు చోటును వేలములో కొనుక్కొనును. గడువు ముగియగానే కొన్ని పోయి కొన్ని వచ్చును. వానిలో హిందీ పాలు ఎక్కువ. ప్రేక్షకునివద్ద చందా గైకొను ఛానెళ్ళు ఇందు రావు. మన ఇండ్లలో సాయంకాలము కదలక చూచు తెలుగు ధారావాహికలు హెచ్చుగా అట్టి చందా ఛానెళ్ళలోనివే.

మాకు తెలిసిన ఒక ఇంట కుమారుడు ఎవరినడుగక కేబులు తీయించి ఫ్రీ డిష్ పెట్టించినాడు. అతని లెక్క సరియైనదే. నాలుగు దినములైన పిదప, ప్రొద్దుగూకగానే నాయనమ్మ ఇంట కనబడుటలేదని కోడలు గమనించినది. మోకాళ్ళనొప్పితో వాకిలి దాటని ఆ ముసలమ్మ కర్రపట్టుకొని మూడిండ్ల అవతల వసారాలో కూర్చుండి, వారి తలుపుసందునుండి తన ధారావాహికను చూచుచున్నది. ఇంట ఒక్కమాటయైన అనలేదు. పొలముపని చేయుటకు శక్తిలేని వయస్సున ఆమెకు దినమునకు మిగిలినది ఆ అరగంట. కుమారుడు సిగ్గుపడి మరల కేబులు పెట్టించినాడు. అయితే ఈసారి పూర్వపు చందా కట్టలేదు.

ఎట్లనగా, 2019 నుండి అమలులోనున్న ట్రాయ్ నియమముల ప్రకారము చందా ఛానెళ్ళను గుత్తముగా గాక విడివిడిగా కోరుకొను హక్కు వినియోగదారునకు గలదు. ప్రతి ఛానెలునకు వేరుగా ధర ప్రకటింపబడవలెను. అతడు నాయనమ్మకు కావలసిన రెండు ఛానెళ్ళను మాత్రముంచి, ఎవరును చూడని ఆటల, ఆంగ్లచిత్రముల గుత్తములను తీయించినాడు. వీనికి తోడు నెట్‌వర్కు రుసుము కట్టవలసియుండును. ఇది లోగడ 130 రూపాయలు, పన్నుతో 153 రూపాయల 40 పైసలు మించకుండెడిది. 2024 జూలైలో ఆ పరిమితి తొలగించిరి. కావున మీ ఊరి ఆపరేటరు రుసుమెంతయో ముందడిగి, గుత్తము ధరతో పోల్చి చూచుకొనవలెను. కొన్ని చోట్ల విడిగా కొన్నదే హెచ్చగుటయు గలదు.

ఇంటర్నెట్ ద్వారా చూచుట మూడవ దారి. ప్రసారభారతివారు 2024 నవంబరులో వేవ్స్ అను యాప్ ఆరంభించిరి. పిల్లల చదువునకై ఇదివరకే ఇంట తీగ ఇంటర్నెట్ ఉన్నవారికి ఇది బాగుగనే యుండును. సెల్‌ఫోను డేటాతో చూతమన్నచో గంటకు సుమారు ఒక జీబీ ఖర్చగును; రోజుకు జీబీన్నర వచ్చు ప్యాకు ఒక సినిమాకైన చాలదు.

ఫ్రీ డిష్‌కు వాన ఒక లోపము. కుండపోతగా కురియునపుడు కొంతసేపు బొమ్మ నిలిచిపోవును. తుపాను వార్త వినవలసిన వేళనే అట్లు జరుగును గనుక, తీరగ్రామములవారు బ్యాటరీ రేడియో నొకదానిని ఇంట ఉంచుకొనుట మంచిది.

కేబులు ఆపరేటరు కూడ మన ఊరివాడే. నాలుగు ఇండ్ల చందాతో జీవించువాడు. అతనితో తగవు వలదు. డిష్ బిగించిన పిదప ఒక నెల కేబులును కూడ ఉంచి, ఇంటివారందరు ఏమి చూచుచున్నారో గమనింపుడు. ఆ పిమ్మట మానదలచినచో, ఉన్న బాకీ చెల్లించి, అతని బాక్సు అతనికప్పగించి, డిపాజిట్ కట్టియున్నయెడల అది తిరిగి తీసికొని, రసీదు పుచ్చుకొనుడు.