ఆవకాయకు ఏ మిరప?

మామిడికాయలో టెంక ముదిరే రోజులు వచ్చినవంటే తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల గృహాలలో కాయను గురించిన చర్చ ఆరంభమవుతుంది. ఏ తోట కాయ పులుపు, దేనికి పీచు ఎక్కువ, ఏ కాయ ముక్క మెత్తబడకుండా ఏడాది నిలుస్తుంది అన్న విషయాలలో ఇంటిల్లపాదికీ ఒక అభిప్రాయం వుంటుంది. మిరపకాయ దగ్గరకు వచ్చేసరికి మాత్రం “మంచి కారం తీసుకురండి” అన్న ఒక్క మాటతో విచారణ ముగుస్తుంది. ఏది మంచిది? దేనికి మంచిది? ఈ ప్రశ్న వేసుకోకపోవటంవల్లనే ఒక యేటి ఆవకాయ పిల్లలు నోట పెట్టలేనంత ఘాటుగానూ, మరొక యేటిది రంగు వెలిసిపోయీ తయారవుతున్నది.

ఇందుకు కొంత కారణం మన భూమిలోనే వున్నది. కృష్ణా కాలువల క్రింది డెల్టా ప్రధానంగా వరి పండే నేల. మిరప ముఖ్యంగా పల్నాటి వైపు నల్లరేగడి పొలాలలో పండి గుంటూరు మిర్చి యార్డుకు చేరుతుంది. కనుక డెల్టా గృహిణికి మిరప అంగడిలో కొనవలసిన సరుకు. పండించేవారికి జాతులు తెలిసే వుంటాయి, కొనేవారు తెలుసుకోవాలి.

మిరప మనకు మరీ పాత చుట్టం కాదు. దీని పుట్టిల్లు అమెరికా ఖండం. 1498లో వాస్కో డ గామా మన దేశానికి వచ్చిన తరువాత, పోర్చుగీసువారి ఓడలలో ఇది మన తీరాలకు చేరినది. అంతకు పూర్వం మన వంటలలో ఘాటుకు మిరియమే ఆధారం. ఇప్పుడు మిరప లేని తెలుగు వంటిల్లును ఊహించటమే కష్టం.

ఆవకాయలో మిరప చేయవలసిన పనులు రెండు: కారం ఇవ్వటం, రంగు ఇవ్వటం. ఈ రెండూ ఒకే చోటినుండి రావు. కారానికి మూలమైన క్యాప్సైసిన్ అనే పదార్థం, లోపల గింజలు అంటుకొని వుండే తెల్లని ఈనెలో పుడుతుంది. కారమంతా గింజలోనే వున్నదనుకోవటం సరికాదు. రంగు మాత్రం తోలులో వుంటుంది. ఈ రెండు పదార్థాలూ నూనెలో కరుగుతాయి, నీటిలో సరిగా కరగవు. మూడవనాడు తిరగకలిపేటప్పుడు జాడీలో పైకి తేలిన నూనె ఎర్రబారి వుండటానికి కారణమిదే.

పనినిబట్టి జాతిని ఎన్నుకొనే పద్ధతి ఇతర దేశాలలోనూ వున్నది. ఐరోపాలో ఇంటివద్ద బీరు కాచుకొనేవారు హాప్ అనే తీగ పువ్వులను వాడుతారు. చేదు కొరకు ఒక రకాన్ని మొదటినుండీ మరిగిస్తారు. సువాసన కొరకు మరొక రకాన్ని చివరలో వేస్తారు. సువాసనకు చెక్ దేశపు జాట్స్, ఇంగ్లండులోని గోల్డింగ్ పేరుపొందినవి. అనుభవజ్ఞులు ఎన్నో రకాలను పోగుచేయక, గుణమెరిగిన రెండు మూడింటితోనే పని నడుపుకొంటారు. ఆ పానీయం మనకు అక్కరలేకపోయినా ఆ వివేకం మన జాడీకీ పనికివస్తుంది.

మన ఆవకాయకు ఇటువంటివి మూడు చాలు. మొదటిది గుంటూరు సన్నం. పొడవుగా, సన్నగా వుండి, కారమూ రంగూ రెండూ తగుమాత్రంగా ఇస్తుంది. భౌగోళిక గుర్తింపు కూడా పొందిన ఈ రకాన్ని ప్రధానంగా పెట్టుకోవాలి. గుంటూరు దగ్గర లాం పరిశోధనా స్థానం రూపొందించిన ఎల్.సి.ఎ. 334 కూడా ఈ పనికి తగినదే. రెండవది తేజ. కాయ చిన్నది, కారం తీవ్రం. ఘాటు కోరేవారున్న ఇంట సన్నంలో గుప్పెడు కలిపితే చాలు. దీనినే నమ్ముకొని జాడీ పెడితే పిల్లలు దూరమవుతారు. మూడవది రంగుకాయ. కర్ణాటకలో హావేరి ప్రాంతపు ముడుతల బ్యాడిగి గాని, 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా గాని తీసుకోవచ్చు. మూడు పాళ్ళు సన్నానికి ఒక పాలు రంగుకాయ కలిపి చూడండి.

రంగుకాయను ఇంత నొక్కి చెప్పటానికి కారణమున్నది. ఎర్రదనమే మంచితనమని కొనేవారు భావించినప్పుడు, అమ్మేవారిలో కొందరు రంగు కలపటానికి వెనుదీయరు. 2003లో మన దేశంనుండి వెళ్ళిన కారంలో సూడాన్ అనే రంగును ఫ్రాన్సులో కనుగొన్నారు. అది పరిశ్రమలలో వాడే రంగు, ఆహారంలో నిషిద్ధం. ఎరుపు కావలసినవారు ఎరుపునిచ్చే కాయనే కొని ఇంట కొట్టించుకొంటే ఈ భయముండదు.

కొనేటప్పుడు తొడిమతో వున్న కొత్త పంట కాయను చూడండి. ఊపితే లోపల గింజలు గలగలలాడాలి. తెల్లబారిన తాలుకాయలను ఏరివేయాలి. చెమ్మ తగిలి బూజుపట్టిన కాయలో అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టే ప్రమాదమున్నది. దానిని ఎండబెట్టి బాగుచేసుకోవచ్చునని తలచక పారవేయటమే మేలు. మంచి కాయలను ఒక పూట ఎండనిచ్చి, తొడిమలు తీసి కొట్టించాలి. మరనుండి వచ్చిన కారం వేడి తగ్గేవరకు మూత పెట్టరాదు. వెలుతురు తగిలితే రంగు వెలుస్తుంది గనుక చీకటిలో దాచాలి.

పెద్ద జాడీకి పూర్వం చిన్న సీసాలలో రెండు పాళ్ళు మార్చి కలిపి చూడటం మంచిది. వారం గడిచిన తరువాత వేడి అన్నంలో ఇంట్లో పెద్దలకూ పిల్లలకూ పెట్టి, నచ్చిన పాలును కాగితంమీద వ్రాసి వుంచండి. అత్తగారి చేతి అంచనా కోడలికి అందాలంటే ఆ కాగితం అవసరం. ఏటికొకసారి పెట్టే పచ్చడిలో తప్పు దిద్దుకోవటానికి మళ్ళీ యేడాది ఆగవలసివస్తుంది గదా!