నీల్ ఐలాండ్: తక్కువ తిరుగుదాం, హాయిగా ఉందాం

మన వరంగల్ నుంచి అండమాన్ అంటే చాలామంది ప్లాన్ ఒకటే: ఐదు రోజుల్లో అన్ని దీవులూ చుట్టేయాలి. వచ్చాక ఆ అలసట తీరడానికి ఇంకో లీవ్ కావాలి!

నేనైతే నీల్ ఐలాండ్ ఒక్కటే పెట్టుకోండి అంటాను. 2018లో దాని పేరు షహీద్ ద్వీప్‌గా మార్చారు. హైదరాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు ఫ్లైట్, అక్కడి నుంచి ఫెర్రీ. చిన్న దీవి, తిరగడానికి సైకిల్ చాలు. బీచ్‌ల పేర్లు కూడా రామాయణంలోవే: సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. సూర్యోదయానికి సీతాపూర్, సూర్యాస్తమయానికి లక్ష్మణ్‌పూర్. అక్కడి రాతి వంతెన దగ్గరికి మాత్రం ఆటు సమయంలోనే వెళ్లాలి. గడియారంలో మన టైమే, కానీ దీవి బాగా తూర్పున ఉంది. చలికాలంలో ఐదున్నరకల్లా చీకటి పడుతుంది. అందుకే పొద్దున్నే లేవండి.

అసలు జాగ్రత్త ఇదీ: సముద్రం బాగోలేకపోతే ఫెర్రీ ఆపేస్తారు. తిరుగు ఫ్లైట్ ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండండి. లేదంటే టికెట్ డబ్బులు గంగలో పోసినట్టే.

నీల్‌లో మూడు రాత్రులు, పోర్ట్ బ్లెయిర్‌లో ఒకటి. అందులో ఒక రోజు ఏ ప్లానూ వద్దు. ఖాళీగా కూర్చోవడానికే కదా పోతున్నాం! వచ్చే వీడియోలో కలుద్దాం.